పండుకునే జాగ

కరోనా కాలంలో సూరత్‌లో మలేరియా కేసులు నమోదు చేయడానికి ఫోన్‌లో నింపే ఫారం తయారుచేసే పని నాది. ఆమె నవాగామ్‌లో ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకొచ్చే ఆరోగ్య కార్యకర్త, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మగ్గం కార్మికుల ఇంటి మనిషి. మిగతావాళ్లు "ఇల్లెక్కడ?" అని అడిగితే, ఆమె మాత్రం "పండుకునుడు యాడ తమ్మీ?" అని అడిగేది. జ్వరమంటే క్వారంటైన్‌కి పట్టుకుపోతారని తలుపులు మూసుకునేవాళ్లు కూడా ఆ మాటకు జవాబు చెప్పేవారు.

ఒక వారం ముగ్గురికి మలేరియా తేలింది. ఒకరిది భేస్తాన్, ఇద్దరివి నవాగామ్‌లో వేర్వేరు గల్లీలు. ఇంటి చిరునామాలతో వేసిన నా మ్యాప్‌లో చుక్కలు దూరదూరంగా పడ్డాయి. ఒకదానికొకటి సంబంధం లేదన్నాను.

"ముగ్గురు పండేది పల్సానాల కార్ఖానా మిద్దె మీద సారు. రూములల్ల కరోనా ఉన్నదని భయపడి ఆడనే ఉంటున్నరు," అంది.

ఇద్దరం పల్సానాకు వెళ్లాం. మిద్దె మీద మూతలేని నీళ్ల ట్యాంకు ఉంది. ఆమె గిన్నెతో నీళ్లు ముంచి చూపించింది. నిండా దోమపిల్లలు. అక్కడుంటున్న మిగతావాళ్లకూ పరీక్ష చేస్తే ఇంకో నలుగురికి మలేరియా బయటపడింది.

"ఇది రాయడానికి ఫారంలో చోటు లేదమ్మా," అన్నాను.

"మనిషి ఉన్న జాగ రాయకపోతే జబ్బెట్ల దొరుకుతది సారూ?"

ఆ సాయంత్రమే ఫారంలో 'రాత్రి పడుకునే చోటు' అని ఒక గడి చేర్చాను. తర్వాత జరిగిన సమావేశంలో అధికారులు ఆ గడిని చూసి మెచ్చుకున్నారు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని ఒకాయన అడిగాడు.

"ఫీల్డులో తిరిగితే తెలుస్తుంది సార్," అన్నాను. ఆమె పేరు చెప్పలేదు.