సభ్యుల పిల్లలకు ముందు చోటు

జర్మనీలోని జీగెన్‌ ఊళ్లో మా చిన్నవాడు చదివే ప్రాథమిక పాఠశాలను ఒక ప్రొటెస్టెంట్ సంఘం నడుపుతుంది. తరగతులు చిన్నవి, టీచర్లు ఓపికమంతులు. అందుకని దేవుడి మాట పట్టనివాళ్లు కూడా తమ పిల్లల్ని అక్కడే చేర్చాలని చూస్తారు. దరఖాస్తులు మరీ ఎక్కువైపోవడంతో ఆ చలికాలం ప్రవేశ నియమాలను తిరగరాయడానికి కమిటీ వేశారు. అందులో పాస్టరుగారు, ప్రధానోపాధ్యాయురాలు, పాలకవర్గం నుంచి ఒక పెద్దాయన, తల్లిదండ్రుల తరఫున నేను ఉన్నాం.

పాస్టరుగారి ప్రతిపాదన సూటిగా ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరైనా కనీసం ఏడాది ముందు నుంచి సంఘ సభ్యులుగా నమోదై ఉంటే వాళ్ల పిల్లలకు ముందు చోటు. మిగిలితేనే ఇతరులకు. సీటు కోసం బాప్తిస్మం తీసుకుని, పిల్లలు చేరగానే కనిపించకుండా పోయేవాళ్లతో ఆయన విసిగిపోయారు. నాకూ అది సబబే అనిపించింది. బాప్తిస్మమంటే పాత మనిషిని పాతిపెట్టడమని నేర్పిన ఇంట్లో పెరిగాను. బడి కోసం ఆ నీళ్లలో దిగేవాళ్ల మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం మా తెలుగు సహవాసం ముగిశాక ఒక చెల్లి నన్ను పక్కకు పిలిచింది. వాళ్లది గుంటూరు వైపు. భర్త ఇక్కడ యంత్రాల కంపెనీలో ఇంజనీరు. వాళ్ల పాప ఇంట్లో గలగలా మాట్లాడుతుంది కానీ, కిటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బళ్లో, చేరింది మొదలు అక్కడ నోరు తెరవలేదు. పడి మోకాలు చీరుకుపోయినా ఎవరికీ చెప్పలేదు. మా బడి చూడటానికి వచ్చినప్పుడు మాత్రం ఒకటో తరగతి టీచరు చెవిలో తన పేరు చెప్పింది.

“ఆవిడ దగ్గరైతే మాట్టాడుద్దక్కా. కమిటీలో మీరున్నారుగా, మాకేం ఇబ్బంది ఉండదుగా?”

“ఇక్కడికొచ్చాక ఊరి ఆఫీసులో పేర్లు రాయించారుగా, ఆ ఆన్మెల్డుంగ్‌లో మతం ఏమని రాయించారమ్మా?” ఆ కాగితంలో ఉన్న మతాన్ని బట్టే ఇక్కడ సంఘ సభ్యత్వం లెక్క.

ఆమె భర్త వైపు తిరిగింది. “చెప్పండి అక్కకి.”

“ఏదీ లేదన్నానక్కా,” అన్నాడతను నేల చూస్తూ. “కౌంటర్లో ఆవిడ అడగ్గానే అట్టా వచ్చేసింది.”

“పక్కనుండి కాలు తొక్కాను. బూటు మీద తొక్కితే ఈయనకేం తెలుసుద్ది!”

అలా ఎందుకు వచ్చేసిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అతను కాలేజీకి వెళ్లకముందే కాలవలో బాప్తిస్మం తీసుకున్నాడు. కానీ మన దగ్గర క్రైస్తవుడినని రాయించుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. చదువు, ఉద్యోగం దాని మీదే నిలబడ్డాయి. కనుక ఆఫీసు కౌంటరు ముందు దేవుడి పేరు మింగేయడం చిన్నప్పుడే అలవాటైంది. మా నాన్న మాత్రం క్రైస్తవుడనే రాయించారు. మా అన్నకు రావలసిన సీటు అలా పోయింది. అయినా పేరు దాచుకున్నవాళ్లను ఆయన ఒక్క మాట అనలేదు.

తర్వాతి సమావేశంలో నేను ఒక మార్పు అడిగాను. నమోదు లేనివాళ్ల విషయంలో, వాళ్లు కూడే సహవాసం పెద్దల మాట తీసుకోవచ్చు కదా అన్నాను.

సభ్యుడిగా నమోదైతే ఇక్కడ జీతంలోంచి సంఘం పన్ను కోసుకుంటారు. పాలకవర్గం పెద్దాయన నవ్వారు. “సంఘం పన్ను తప్పించుకోవడానికి పేరు రాయించుకోనివాళ్లేగా వీళ్లు?”

ఆ నింద భరించలేకపోయాను. కులం గురించి, సర్టిఫికెట్ గురించి, కాలవ గురించి నాకు వచ్చిన జర్మన్‌లో చెప్పాను. పాస్టరుగారు శ్రద్ధగా విన్నారు.

“అంటే అక్కడి ప్రభుత్వానికి హిందువులమని చెప్పారు,” అన్నారాయన మెల్లగా. “ఇక్కడ ఏ మతమూ లేదని చెప్పారు. మాతో క్రైస్తవులమంటున్నారు. మేం దేన్ని నమ్మాలి?”

“ఒక ఆదివారం వచ్చి చూడండి.”

“ఈ ఒక్క కుటుంబం కోసమైతే వస్తాను. అడిగిన ప్రతి కుటుంబాన్నీ చూడగలనా?”

ఆయన చెడ్డవాడు కాదు. నేను వివరించకుండా ఉంటే వాళ్లు పన్ను ఎగ్గొట్టినవాళ్లుగా మిగిలేవారు. వివరించాక, అవసరాన్ని బట్టి దేవుణ్ణి మార్చేవాళ్లయ్యారు. ప్రధానోపాధ్యాయురాలు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. పాస్టరుగారి నియమానికి ఓటు అడిగినప్పుడు ఆమె చెయ్యి కూడా లేచింది. నాది తప్ప అన్ని చేతులూ లేచాయి.

ఆ కబురు చెప్పడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. చెల్లి స్టవ్ కట్టేసి నా ఎదుట నిలబడింది.

“అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాం అక్కా. అది లెక్కలోకి రాదా? కౌంటర్లో చెప్పిందే సాక్ష్యమా?”



“ఊరుకోవే,” అన్నాడు భర్త. “ఉజ్జోగం కోసం దాచినోణ్ణి, ఇప్పుడు బడి కోసం బయటపెడితే ఎవడు నమ్ముతాడు?”

“నమ్మకపోతే పోనీ. రేపెళ్లి రాయించండి.”

“రాయించినా ఏడాది ఆగాలంట. అక్క చెప్పింది వినలా?”

పక్క గదిలో పాప బొమ్మలకు పాఠం చెబుతోంది. 

ఆగస్టులో పాప వాళ్ల వీధి చివరి పెద్ద బళ్లో చేరింది. మొదటి రోజు వేడుకకు రమ్మంటే వెళ్లాను. హాలు నిండా జనం. పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి వేదిక మీదికి పిలుస్తున్నారు. పాప పేరు పిలిచారు. ముందు వరసలో కూర్చున్న పాప కదల్లేదు. మళ్లీ పిలిచారు. పిల్ల రాలేదనుకుని పేర్లు చదువుతున్న టీచరు కింది పేరుకు వెళ్లిపోయింది.

“హియర్!” అని చెల్లి లేచి అరిచింది. “డా! ఇక్కడే ఉంది!”

ఒకరిద్దరు నవ్వారు. టీచరు దిగి వచ్చి పాప చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయింది. పాప తల ఎత్తలేదు. తరగతి వరసగా బయటికి వెళ్లిపోయాక కూడా చెల్లి నిలబడే ఉంది. వెనక నుంచి ఎవరో కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు.