కిటికీకి చెప్పిన వాంగ్మూలం

ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు నేను అప్పీళ్లు విన్నాను. మేడ్చల్‌లో రెండో అంతస్తులో ఒక గది, తిరగడానికి బద్ధకించే ఫ్యాను, నాకో ఎత్తు కుర్చీ, ఎదురుగా రెండు పక్షాలకూ రెండు బల్లలు. సహకార సంఘాల తగాదాలు నా ముందుకొచ్చేవి. అది కోర్టు కాదు, నేను జడ్జినీ కాదు. అయినా పద్ధతి పద్ధతే. ఒక పక్షం లేనప్పుడు రెండో పక్షం మాట వినకూడదు. ఎవరి తరఫునా నేను వాదించకూడదు. చెప్పింది రాయించి, దాన్ని బట్టే ఆర్డరు ఇవ్వాలి. మా గుమాస్తాకు ఇదంతా ఎన్నిసార్లు అప్పజెప్పానో! పాపం, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

ఆ రోజు కేసు శామీర్‌పేట అవతల ఒక చెరువుది. కొంపల్లి ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ నేను ఆఫీసు చేరేసరికే అప్పీలు పెట్టుకున్న ఆవిడ వరండాలో నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయేమో. భర్త పోయాడు. చేపలు పట్టేవాళ్ల సంఘంలో అతని సభ్యత్వం తనకిమ్మని అడిగితే, ‘ఈమెకు పని రాదు’ అని సంఘం తీర్మానం చేసి పంపించేసింది. మెంబరు కాని మనిషి ఆ చెరువులో వల దించడానికి వీల్లేదు. నన్ను చూడగానే ఆవిడ అందుకుంది.

“మేడం, జర నా మాటినుండ్రి. నాకు పని రాదంటరా? పుట్టి బుద్ధెరిగినకాంచి నీళ్లల్లనే ఉన్న. చెరువు పోతే నేను గాజులరామారం పోయి కంపెనీల ఊడ్వాలె. ఎవడన్నడో రమ్మనుండ్రి నా ముంగటికి!”

“ఆగమ్మా. వాళ్లొచ్చాక చెప్పు. ఇప్పుడు నేను వినకూడదు.”

“గదేంది మేడం! ఇనకుంటనే కొట్టేస్తరా?”

“వాళ్ల ముందే వింటాను. రూలు అంతే.”

ఆవిడ మూతి ముడుచుకుని బెంచీ మీద కూర్చుంది. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఇంత నోరున్న మనిషి ముందు సంఘం వాళ్ల పని అయిపోయినట్టే అనుకున్నాను.

కాసేపటికి విచారణ మొదలైంది. సంఘం అధ్యక్షుడు వకీలును వెంటబెట్టుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్లచొక్కా, భుజాన తువ్వాల. అతను గదిలో అడుగుపెట్టీ పెట్టగానే ఆవిడ కుర్చీలోంచి లేచింది. కొంగు తలమీదికి లాక్కుని గోడవైపు తిరిగి నిలబడింది.

వకీలు తీర్మానం చదివాడు. నేను ఆవిడ వైపు తిరిగి, చెప్పమ్మా అన్నాను. పలకలేదు. పని వచ్చా, రాదా అని అడిగాను. ఊహూఁ. పొద్దున నా మీద విరుచుకుపడ్డ మనిషి ఈవిడేనా అనిపించింది.

“చెప్పుకోవడానికేమీ లేదని రాసెయ్యనా మేడం?” అన్నాడు గుమాస్తా, పెన్ను సిద్ధంగా పట్టుకుని.

“మౌనం అర్ధాంగీకారం కదా మేడం,” అని వకీలు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

“ఈయన ఆమెకేమవుతాడు?” అని అడిగాను.

“ఆమె భర్తకు సొంత అన్న,” అన్నాడు వకీలు.

అప్పుడు అర్థమైంది నాకు. మా ఇంట్లోనూ అంతే. ఆఫీసులో అంతెత్తు కుర్చీలో కూర్చునే నేను, మా పెద్ద బావగారు హాల్లోకి వస్తే సోఫాలోంచి లేచి వంటింటి గడపలోకి పోతాను. ఆయన నన్నేదైనా అడిగితే జవాబు మా ఆయనకు చెబుతాను. పక్కనే నిలబడి బావగారూ వింటారు. ఎవరూ బలవంతపెట్టలేదు. కొత్త కోడలుగా వచ్చినప్పటి అలవాటు, అలాగే ఉండిపోయింది. ఇక్కడేమో బావ లేనప్పుడు నేను వినకూడదు, బావ ఉంటే ఆవిడ నోరు విప్పదు. ఆయన్ని బయటికి పంపితే పద్ధతి తప్పుతుంది. ఆవిడ బదులు నేనే మాట్లాడితే అసలుకే మోసం. గుమాస్తా పెన్ను ఇంకా అలాగే పట్టుకుని చూస్తున్నాడు.

“అమ్మా, ఆ కిటికీ ఉంది చూడు. మీ బావకు చెప్పకు. నాకూ చెప్పకు. దానికి చెప్పు,” అన్నాను.

వకీలు లేచాడు. “సాక్షి మీవైపు చూసి చెప్పాలి మేడం.”

“ఏ రూల్లో ఉందో చూపించండి. అందాకా కూర్చోండి.”

ఆయన పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు. ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని, ముందు గొణిగినట్టుగా మొదలుపెట్టింది.

“మా ఆయనకు నడుము పడిపోయినంక ఆయన బదులు చెరువుల దిగింది నేనే. వల గుంజుడు ఒక్కరితోని అయ్యే పని గాదు. ఒక కొస నా చేతిల ఉండె. ఇంకో కొస ఎవరి చేతిల ఉండెనో గాయిననే అడుగుండ్రి. ఒక్క మాట మాట్లాడకుంట గుంజినం. నాకు పని రాకుంటే నా కొస ఎప్పుడు జారిందో చెప్పుమనుండ్రి!”

ఆఖరి మాటకు గొంతు వరండా దాకా పోయింది. నేను అధ్యక్షుడి వైపు తిరిగాను.

“రెండో కొస ఎవరి చేతిలో ఉంది?”

వకీలు నోరు తెరవబోతే, అడిగింది మిమ్మల్ని కాదన్నాను. అధ్యక్షుడు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

“నా చేతిలనే.”

“ఆమె కొస జారిందా?”

“జారలే.” మళ్లీ తనే అన్నాడు. “అబద్ధమెందుకు మేడం, మంచిగనే గుంజుతది. ఒక్క ఆడామెకు ఇస్తే రేపు అందరిండ్లకెల్లి ఆడోళ్లొస్తరని సంఘపోళ్లు ఒద్దన్నరు. నేనొక్కన్ని ఏం జేసేది?”

అధ్యక్షుడే ఒప్పుకున్నాక ఇక రాయడానికి ఎంతసేపు? తీర్మానం కొట్టేసి, ఆవిడకు సభ్యత్వం ఇమ్మని అక్కడికక్కడే ఆర్డరు చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను, దాచడమెందుకు.

బావ బయటికి వెళ్లాక ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చింది. దండం పెడుతుందనుకున్నాను.

“ఈడ మీరడిగిన్రు, చెప్పిన. రేపు సంఘం మీటింగుల ఆయనే కూసుంటడు. ఆడ నన్నెవరడుగుతరు మేడం?”

నా అధికారం ఆ ఒక్క ఆర్డరుతో సరి. మురిపెమంతా దిగిపోయింది. ఆవిడ గిరుక్కున తిరిగి బయటికి నడిచింది. నేనూ లేచి వరండాలోకి వచ్చాను.

బావ మెట్లు దిగుతున్నాడు. ఆవిడ పైమెట్టు మీద, తలమీద కొంగు అలాగే ఉంచుకుని నిలబడింది.

“బావా!”

వరండాలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. ఆయన ఆగాడు గానీ వెనక్కి చూడలేదు.

“రేపు వల ఎప్పుడు దించుతున్నరు?”

ఆయన దిగి వెళ్లిపోతాడనే అనుకున్నాను.

“కోడి కూయకముందే,” అన్నాడాయన, మెట్ల వైపే చూస్తూ. “జల్దీ రావాలె. లేటయితే నీ కోసం ఎవ్వలాగరు.”

“వస్త,” అంది ఆవిడ.