పదివేల ఏడు మొక్కలు

డిగ్రీలో లెక్కలు చదివిన నాకు మొదట దొరికిన పని మొక్కల దగ్గర. దేవరకొండ అవతల మా ఊరి నర్సరీ చూసుకునేదాన్ని. కవర్లలో ఎర్రమట్టి నింపి, గింజలు పెట్టి, నీళ్లు పోసేది ఉపాధి పనికి వచ్చే ఏడుగురు ఆడవాళ్లు. వాళ్లలో అందరికంటే పెద్దామెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

ఒక సంవత్సరం వానలకు ముందు మండలం నుంచి సారు వచ్చారు. మొక్కలు ఎక్కడపడితే అక్కడ ఉండడం చూసి, “గిట్లుంటే లెక్కెట్ల తెలుస్తదమ్మా? మడులోలె బెడ్లు జేసి అన్నిట్ల సమానంగ పెట్టున్రి. రేపు పొద్దుగాల వస్త” అని వెళ్లిపోయారు.

రెండుసార్లు లెక్కపెట్టాం. రెండుసార్లూ పదివేల ఏడే వచ్చింది. రేకుల నీడలో కూర్చుని కాగితం తీశాను. మూడుతో భాగం పోలేదు. ఏడుతో భాగిస్తే నాలుగు మిగిలింది, పదమూడుతో పది. అలా తొంభై ఏడు దాకా వెళ్లాను. వందను వందతో గుణిస్తేనే పదివేలు కాబట్టి, అంతకు మించి వెతకనక్కర్లేదు. అది ప్రధాన సంఖ్య! ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోదు. నాకు గంతెయ్యాలనిపించింది.

“పెద్దమ్మా, గిది ఎన్ని కుప్పలు జేసినా సమానంగ తెగదు!”

“తెగకుంటే గంత సంబురమేందే? పొద్దు గూకుతాంది, మొక్కలెట్ల పెట్టాలె?”

కాగితం మళ్లీ చూశాను. ఇరవై మూడుతో భాగిస్తే రెండే మిగిలింది.

“రెండు మునగ మొక్కలు తీసేద్దాం. ఇరవై మూడు బెడ్లు, బెడ్డుకు నాలుగు వందల ముప్పై ఐదు. ఆ రెండు మీల ఎవరన్న ఇద్దరు తీసుకపోన్రి” అన్నాను.

అంతే, లొల్లి మొదలైంది. ఇద్దరంటే ఏ ఇద్దరు? మునగ మొక్క అందరికీ కావాలి.

పెద్దమ్మ చేతులు దులుపుకుని లేచింది. “ఏడుగురం ఉన్నం. తలా ఒకటి తీసుకపోతం. పదివేలు మిగుల్తయ్. నూరు బెడ్లు, బెడ్డుకు నూరు. గీదానికి గంత కాయితం ఎందుకు ఖరాబు జేసినవ్ బిడ్డా?”

సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి నాకు. తెగని సంఖ్య దొరికిన సంబరంలో ఆ ఆలోచనే రాలేదు.

పొద్దున సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన బెడ్ల మధ్య అటూ ఇటూ తిరిగి, ఆడవాళ్ల వైపు చూశారు. “తీసుకపోయినయ్ నాటిన్రా మరి?”

“నాటినం సారూ!” ఏడుగురూ ఒకేసారి అన్నారు.

అప్పటి నుంచి వాళ్లకు సంఖ్యల పిచ్చి పట్టుకుంది. ఒకరోజు ఒకామె బస్సు టికెట్టు నా చేతిలో పెట్టింది. “జర జూడు, గిది తెగుతదా?”

చివర ఐదుంది. “ఐదుతో తెగుతది” అన్నాను.

ఆమె మొహం చిన్నబుచ్చుకుని టికెట్టు మడిచి బొడ్లో దోపుకుంది. “రేపు ఇంకోటి తెస్త” అంది.