రెండో క్లారినెట్

మా ఊళ్లో గల్ఫ్ అంతటికీ ఒకటే పేరు, దుబాయి. అందుకని నేను బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్లూ మావాళ్ల లెక్కలో దుబాయిలోనే ఉన్నాను. తొంభైల మధ్యలో, సల్మాబాద్‌లోని ఒక గ్యారేజీలో వెల్డింగ్ పని చేసేవాణ్ణి. వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెలో లుంగీల మధ్య క్లారినెట్ పెట్టుకొచ్చాను. మాది పెళ్లిళ్లలో బ్యాండు వాయించే ఇల్లు. మా అన్నది మొదటి క్లారినెట్, నాది రెండోది.

క్యాంపు గదిలో ఊదడానికి వీల్లేదు. పన్నెండుమందిమి ఉండేవాళ్లం, ఎవరో ఒకరు డ్యూటీ దిగి పడుకునే ఉండేవారు. కొత్తలో ఒకసారి ఊదితే చెప్పు ఎగిరొచ్చింది. విసిరినవాణ్ణి తప్పు పట్టను, నేనైనా అదే పని చేసేవాణ్ణి. అలా మూడేళ్లు అది పెట్టెలోనే ఉండిపోయింది.

ఇంకో ఆరు నెలల్లో ఇంటికి వెళ్తాననగా అన్న దగ్గర్నుంచి క్యాసెట్టు వచ్చింది. అప్పట్లో ఉత్తరం రాయడం కంటే మాట్లాడి పంపడమే మాకు సులువు. ఇంటి ముచ్చట్లన్నీ అయ్యాక అన్న గొంతు తగ్గించాడు.

"తమ్మీ, ఒక్కటి అడుగుత, నిజం జెప్పు. ఊదుడు ఇంక వస్తదా, పోయిందా? పోతే పోయిందని చెప్పు, నీ జాగల వేరేటోన్ని పెట్టుకుంట. పెండ్లిల పరువు తియ్యకు."

ఒళ్లు మండింది. మంట తగ్గాక భయం వేసింది, ఎందుకంటే జవాబు నాకూ తెలియదు.

గ్యారేజీ వెనక అతుకులకని తెచ్చి పడేసిన నీళ్ల ట్యాంకరు ఒకటి ఉండేది. మర్నాటి నుంచి తిండి గంటలో అందులో దూరి ఊదడం మొదలుపెట్టాను. చెమటకి వేళ్లు జారేవి. ధ్వని మాత్రం అద్భుతం. రెండు వారాలకి అసలు సంగతి బుర్రకెక్కింది: ట్యాంకరులో పిల్లి అరిచినా కచేరీలాగే ఉంటుంది. నిజం తేలాలంటే ఆరుబయట, మనుషులు వింటుండగా ఊదాలి. ఎక్కడో ఒకచోట ఊది తీరాలని పట్టుబట్టాను.

శుక్రవారాలు ఒక షికారు పడవలో కుర్చీలు వేసే పనికి వెళ్లేవాణ్ణి. రెండంతస్తుల పడవ, మనామాలో బయల్దేరి అరాద్ కోట కనిపించేదాకా వెళ్లి తిరిగొచ్చేది. కింద వంటగదిలో గిన్నెలు కడగడానికి గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. వారమంతా ఉమ్మ్ అల్ హస్సామ్‌లో తనకి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ఇంట్లో పని, శుక్రవారం ఇక్కడ. ఆ వారం నేను క్లారినెట్ సంచిలో వేసుకునే వెళ్లాను. జనం దిగిపోయాక ఆ అక్క ముందు ఊది, బాగుందో లేదో అడగాలని నా ఆలోచన.

ఆ రోజు పడవంతా తెల్లవాళ్లే. వాళ్ల కోసం ఎక్కడో యూరప్ నుంచి నలుగురి బ్యాండు వచ్చింది: వయొలిన్, అకార్డియన్, డ్రమ్ము, క్లారినెట్. అది క్లెజ్మర్ అనీ, యూదుల పెళ్లిళ్లలో తరతరాలుగా వాయించే సంగీతమనీ మా సూపర్‌వైజరు హిందీలో చెప్పాడు. అంటే బ్యాండోళ్లే కదా అనుకున్నాను. కుర్చీ సర్దే వంకతో దగ్గరికెళ్లి చూస్తే, ఆ తెల్లగడ్డపాయన క్లారినెట్ మీటలు నా దానిలాగే పాత పద్ధతివి. అప్పట్నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు.

హుషారు పాటలయ్యాక ఆయన ఒక్కడే నెమ్మదిగా ఒకటి ఎత్తుకున్నాడు. అది పెళ్లికూతుర్ని ఏడిపించే పాటట. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా అప్పగింతల పాటకీ దానికీ గుండె ఒకటే. మా మేళంలో ఆ పాటకో నియమం ఉంది. పిల్ల బండెక్కేదాకా ధ్వని తెగకూడదు, తెగితే అశుభం. మొదటివాడు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవాడు అందుకోవాలి. రెండోవాడు ఉన్నదే అందుకు.

మెట్ల మీద నిలబడి సంచిలోంచి క్లారినెట్ ఎప్పుడు తీశానో నాకే గుర్తు లేదు. ఆయన పాట మధ్యలో ఆగాడు. నేను అందుకున్నాను.

తలలన్నీ ఇటు తిరిగాయి. వాళ్ల పద్ధతిలో ఆ నిశ్శబ్దం కూడా పాటలో భాగమేనని తర్వాత తెలిసింది. సూపర్‌వైజరు పళ్లు కొరుక్కుంటూ నా మీదికి వస్తుంటే గడ్డపాయన చెయ్యెత్తి ఆపాడు. ఇంకో రెండు వరసలు ఊది, నా వైపు చూస్తూ ఆగాడు. ఈసారి ఆ ఖాళీ నాకోసమే.

ఊదాను. మూడోసారికి ఊపిరి చాలక వరస మధ్యలో పుటుక్కున తెగింది. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ మెట్టు దిగలేదు. కడుపు నిండా గాలి పీల్చి, తెగినచోటి నుంచే మళ్లీ పట్టుకున్నాను. ఆయన ఓపిగ్గా ఉండి, నేను చివరికి చేరాక తనూ కలిశాడు. ఇద్దరం కలిసే ముగించాం.

చప్పట్లు కొట్టారు. మా ఇంట్లో చప్పట్లకు విలువ లేదు. అప్పగింతల పాట పండిందో లేదో ఆడపెళ్లివారి కళ్లు చూసి తెలుసుకుంటాం. వెనక్కి తిరిగితే కింద మెట్టు మీద అక్క, చేతులకి సబ్బు నురగతో, చెంపలు తడిగా నిలబడి ఉంది.

"మా అమ్మాయి పెళ్లికి కఫీల్ నన్ను పంపలేదు తమ్ముడూ. ఎంత బతిమాలినా సెలవివ్వలేదు. అప్పగింతలప్పుడు నేను ఇక్కడ వాళ్ల బట్టలు ఇస్త్రీ చేస్తన్నాను. ఇదిగో, ఇప్పుడంపినట్టుంది మా పిల్లని."

నేను క్లారినెట్ తుడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని గిన్నెల దగ్గరికి వెళ్లిపోయింది.

పడవ ఒడ్డుకి చేరాక సూపర్‌వైజరు ఖలాస్ అన్నాడు, వచ్చే శుక్రవారం నుంచి రావద్దని. సరే అన్నాను.

మర్నాడు ట్యాంకరులోకి దూరలేదు. గ్యారేజీ ముందు, సుత్తి దెబ్బల మధ్యే కూర్చుని టేప్‌రికార్డరు నొక్కాను.

"అన్నా, అబద్ధం చెప్ప. ఊపిరి తక్కువైంది. నడుమల తెగింది. తెగిన కాడికెల్లే మల్ల అందుకున్న. ఒక తల్లి ఏడ్శింది. నా జాగ ఎవ్వరికియ్యకు."

టేపు ఇంకా సగం మిగిలింది. క్లారినెట్ తీసి, టేపు అయిపోయేదాకా ఊదాను.