సగం గోలీ

ఆ డాక్టరు మీద కోపం నాకు ఇంకా తగ్గలేదు. బామ్మర్ది మీదా తగ్గలేదు. వాళ్లిద్దరి మీదకన్నా నా మీద నాకు ఎక్కువ.

నా భార్యకు మతి తప్పే జబ్బు వచ్చి మూడేళ్లు. నాచారంలో మా ఇంట్లోనే, నేనే చూసుకుంటున్నాను. స్నానం చేయించడం, జడ వేయడం ఈ వయసులో నేర్చుకున్నాను. పొద్దున ఏడు కాగానే ఫ్యాక్టరీ బస్సు వస్తుందని ఆమె చెప్పులు వేసుకుని గేటు దగ్గరికి పోతుంది. రిటైరై పన్నెండేళ్లయిందంటే నన్ను తిడుతుంది. పోయిన ఎండాకాలం అది ముదిరింది. తాళం వేస్తే గేటుకేసి తల కొట్టుకుంది. పట్టుకోబోతే నా చెయ్యి కొరికింది.

ఉప్పల్‌లో డాక్టరుకు చూపించాను. ఆయన ఆమె ముఖం చూడలేదు, కంప్యూటరు చూశాడు. పొద్దున సగం గోలీ, సాయంత్రం సగం గోలీ అని రాసి తర్వాతి మనిషిని పిలిచాడు. నేను చాకుతో గోలీని రెండు ముక్కలు చేసి, ఒకటి ఆమె చేతిలో పెట్టి, నీళ్లిచ్చి, గిన్నెలు కడుక్కోవడానికి పోయేవాణ్ణి. నెల దాటినా నెమ్మది రాలేదు. మళ్లీ పోతే, ఇలాంటి మనిషిని ఇంట్లో ఉంచుకోవడం మీవల్ల కాదన్నాడు డాక్టరు.

బామ్మర్దికి ఆ మాట చాలు. రామంతాపూర్ నుంచి వచ్చి, ఘట్‌కేసర్ దిక్కు ఒక హోం ఉంది, ఆదివారం అక్కను అక్కడ దింపి వద్దామన్నాడు.

"బావా, రేపు నువ్వే మంచాన పడితే అక్కను ఎవరు సూడాలె?"

ఆ హోం ఎట్లా ఉంటుందో చూశావా అని అడిగాను. ఫోన్‌లో ఫొటోలు చూశాడట. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి, చివరికి ఊరుకున్నాను. ఊరుకోవడమంటే ఒప్పుకోవడమే.

శనివారం ఆమె బట్టలు సంచిలో సర్దుతుంటే జాకెట్ల కింద దస్తీ మూట ఒకటి దొరికింది. విప్పితే దోసెడు గోలీ ముక్కలు. ఒక్కటీ మింగలేదు. ఒళ్లు మండిపోయింది. ఆ మూట ఆమె ముందు పడేసి, నాతో నాటకాలాడుతున్నావా అని చెయ్యెత్తాను. యాభై ఏళ్ల కాపురంలో అదే మొదలు.

ఆమె లేచి నిలబడి చేతులు కట్టుకుంది.

"నేను పోనియ్యలే సారూ. పలిగినయన్నీ పక్కకు వెట్టిన. సూస్కోండ్రి."

ఎత్తిన చెయ్యి ఎట్లా దించాలో తెలియలేదు.

ఇరవై ఆరేళ్లు ఆమె మందుల కంపెనీలో పని చేసింది. బెల్టు మీద పోయే గోలీల్లో పగిలినవి, పెచ్చు లేచినవి ఏరి పక్కన పెట్టాలి. ఒకసారి పగిలిన గోలీ దాటిపోయిందని సూపర్‌వైజరు ఆమెను పొద్దంతా గేటు బయట ఎండలో నిలబెట్టాడు. ఆ సాయంత్రం ఆమె అన్నం ముట్టలేదు. ఆ రోజు దోసకాయ పప్పు అని కూడా నాకు యాదుంది. మూడో తరగతితో బడి మానేసి, పొట్లం కాగితాలు చదివి చదువు నేర్చినవాణ్ణి, ఏదీ మరవనని నలుగురిలో గొప్పలు పోయేవాణ్ణి. రోజుకు రెండుసార్లు ఆ మనిషి చేతిలోనే పగిలిన గోలీ పెడుతూ వచ్చాను.

వెంటనే మందుల షాపుకు పోయి చీటీ చూపించి, విరగ్గొట్టకుండా ఇచ్చేది లేదా అని అడిగాను. కౌంటర్లో అమ్మాయి చీటీ రెండుసార్లు చదివింది.

"ఉంది తాతా. గదే మందు, సగం పవర్‌ది. నిండు గోలి ఇయ్యొచ్చు."

డాక్టరు ఒక్క అంకె మార్చి రాస్తే పోయేది.

ఆదివారం పొద్దున బామ్మర్ది ఆటో తెచ్చేసరికి ఆమె అరచేతిలో చిన్న గోలీ ఉంది. కిటికీ వెలుగుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. బామ్మర్దికి జరిగిందంతా చెప్పి, ఆటోను పంపెయ్యమన్నాను.

"ఒక్క గోలి మింగితే బాగైనట్టేనా బావా?"

"బాగైతదని నేనెప్పుడన్న అన్ననా? అక్క మీద గంత ఫికరుంటే పగటిపూట వచ్చి అన్నం తినిపియ్యి. ఆమె యాడికీ పోదు."

ఆటోవాడితో కాసేపు గొణిగి, ఒక్కడే ఎక్కి పోయాడు. ఇప్పుడు వారానికి రెండు రోజులు వస్తున్నాడు. అన్నం కలిపే ముందు చెయ్యి కడుక్కొమ్మని ప్రతిసారీ నేనే చెప్పాలి.