కుందేలు సాక్ష్యం

అరవైల్లో నరసరావుపేట కాలేజీలో మా జువాలజీ మాస్టారు కుందేళ్లకు సూదిమందు వేసి, ఒంటిచెంప తలనొప్పి ఎలా పుడుతుందో వెతికేవారు. ఏ కుందేలు చెవిలో రక్తనాళం ఉబ్బినా, అది వెలుతురుకు జడిసి మూలకు నక్కినా, "పాపం, దీనికి చానా నొప్పిరా" అని కళ్లజోడు తుడుచుకునేవారు.

అదే నొప్పితో నేను క్లాసులో కళ్లు మూసుకుంటే, "ఏందిరా నాటకాలు? కుందేలు అబద్ధమాడదు, నువ్వాడతావు" అని బయట ఎండలో నిలబెట్టారు.

ఏడాది తిరక్కుండా ఆ నొప్పి ఆయనకే వచ్చింది. కళ్లజోడు తీసి బల్లమీద తల వాల్చి, "ఒరేయ్, ఆ కిటికీలు మూయరా" అని మూలిగారు.

"నిజంగా నొప్పేనేమో కుందేలును అడిగొస్తా మాస్టారూ" అని ఓరగా ఉన్న కిటికీలన్నీ బార్లా తెరిచాను.

అన్నీ అన్నది కోత. పూర్తిగా తెరుచుకుంది ఒక్కటే. మిగతావి ఎంత గుంజినా రాలేదు. ఆ కిటికీల మీద నాకిప్పటికీ కోపమే.