గాయన గాదు సార్

నాంపల్లిలో మా ఇంటి కిందే ఓ టైలర్ షాపు ఉండేది. టైలర్ మెడలో టేపు వేసుకుని, టీవీలో సీరియల్ చూస్తూ కుట్టేవాడు. అందులో పోలికలు కలిసిన పాపానికి ఓ అమాయకుణ్ణి పోలీసులు పట్టుకెళ్తుంటే మేం నవ్వుకునేవాళ్లం. ఆయన మాత్రం మిషను ఆపి, టీవీలోని పోలీసులకే చెప్పేవాడు: "గాయన గాదు సార్."

ఓ మధ్యాహ్నం మఫ్టీలో ఇద్దరు పోలీసులు ఫోటోతో వచ్చారు. అచ్చం ఆయనే, కానీ ఫోటోలో చెంప మీదున్న కత్తిగాటు మా టైలర్‌కు లేదు. అది మేమంతా చూశాం. ఆయన మా ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. మేమంతా టీవీ వైపు తలలు తిప్పుకున్నాం.

"జర దుకాణం చూడున్రి సార్, గిప్పుడే వస్త" అంటూ టేపు నా చేతిలో పెట్టాడు. ఆయన్ని ఎక్కించుకుని పోలీసు జీపు అబిడ్స్ వైపు తిరిగింది.

సీరియల్లో అమాయకుడు మర్నాడే ఇంటికొచ్చాడు. టేపు ఇంకా నా దగ్గరే ఉంది.